108 మెగాపిక్సెళ్లు సరే, ఫొటో ఎంత సైజులో ప్రింటు వస్తుంది?

మా గుంటూరు వైపు మిర్చి డబ్బులు చేతికొచ్చే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా నాకు ఫోన్లు ఎక్కువ వస్తాయి. బీటెక్ చేసి సాఫ్ట్‌వేర్‌లో ఉన్నానంటే చుట్టాల దృష్టిలో సెల్‌ఫోన్ డాక్టర్ అన్నట్టే. చిలకలూరిపేట నుంచి బాబాయ్, పర్చూరు నుంచి మావయ్య, ఒంగోలు నుంచి అక్కావాళ్లు, అందరిదీ ఒకటే ప్రశ్న: "ఒరేయ్, 50 తీసుకోనా, 108 తీసుకోనా, 200 వచ్చిందంటగా?" ర్యామ్ గురించి, బ్యాటరీ గురించి అడిగేవాళ్లు తక్కువ. అందరికీ గుర్తుండేది బాక్సు మీద పెద్దక్షరాల్లో ఉండే ఆ కెమెరా నంబరే.

నేను తిరిగి ఒకటే అడుగుతాను: "తీసిన ఫొటోతో ఏం చేస్తారు?" దానికి జవాబు చాలామంది దగ్గర ఉండదు. స్టేటస్‌లో పెడతాం, గ్రూపులో పంపుతాం, అంతే. దానికి 108 అక్కర్లేదు, 8 కూడా ఎక్కువే. మెగాపిక్సెళ్లు నిజంగా లెక్కలోకి వచ్చేది ప్రింటు వేయించినప్పుడు. మనం ప్రింటు గురించి ఆలోచించడం మానేశాం కాబట్టే కంపెనీలు ఏ నంబరు చెబితే ఆ నంబరు నమ్ముతున్నాం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఫోన్ బాక్సు మీద మెగాపిక్సెల్ నంబరు కన్నా, మీ ఫొటో ఎన్ని చేతులు మారి స్టూడియోకి చేరింది అన్నదే ప్రింటు సైజుని తేలుస్తుంది.

లెక్క చాలా చిన్నది

ఫొటో అంటే గళ్ల కాగితం. అడ్డంగా ఎన్ని గళ్లు, నిలువుగా ఎన్ని గళ్లు అని లెక్కేసి గుణిస్తే వచ్చేది మెగాపిక్సెళ్లు. 4000 × 3000 అంటే కోటీ ఇరవై లక్షల గళ్లు, అదే 12 మెగాపిక్సెళ్లు. ప్రింటు వేసేటప్పుడు ఒక అంగుళంలో ఎన్ని గళ్లు పడాలో నిర్ణయించుకుంటాం. చేతిలో పట్టుకుని చూసే ఫొటోకి అంగుళానికి 300 అని ల్యాబుల వాళ్లు చెప్పే లెక్క. అంగుళాలను 300తో గుణించండి, మీకు కావాల్సిన పిక్సెళ్లు వచ్చేస్తాయి.

ఆల్బమ్‌లో పెట్టుకునే 4×6 సైజు ఫొటోకి 1200 × 1800, అంటే 2.2 మెగాపిక్సెళ్లు చాలు. 5×7కి 3.2. 8×12కి 8.6. గోడకి తగిలించే 12×18కి 19.4. పాస్‌పోర్టు ఫొటో 35 × 45 మిల్లీమీటర్లు, దానికి పావు మెగాపిక్సెల్ కూడా పట్టదు.

ఈ లెక్కలో గమనించాల్సింది ఒకటుంది. ప్రింటు అడ్డం, నిలువు రెండూ రెట్టింపు చేయాలంటే మెగాపిక్సెళ్లు నాలుగు రెట్లు కావాలి. 12 నుంచి 48కి వెళితే నాలుగు రెట్లు పెద్ద ఫొటో వస్తుందనుకుంటారు. పొడవులో చూస్తే వచ్చేది రెండింతలే. 12 నుంచి 108కి వెళ్లినా మూడింతలే. అది కూడా ఆ 108 నిజమైన 108 అయితే.

300 ఎక్కడి నుంచి వచ్చింది?

ఇది కంపెనీలు పెట్టిన నంబరు కాదు, మన కంటి లెక్క. మామూలు చూపున్న మనిషి కన్ను ఒక డిగ్రీలో అరవయ్యో వంతు దాకా రెండు చుక్కల్ని విడివిడిగా చూడగలదు. పుస్తకం చదివే దూరంలో, అంటే సుమారు 30 సెంటీమీటర్ల దగ్గర, అది 0.09 మిల్లీమీటరుకి కాస్త తక్కువ. దాన్ని అంగుళంలోకి మారిస్తే 290 చుక్కలు. అదే మనం గుండ్రంగా 300 అంటున్నాం.

దూరం పెరిగే కొద్దీ ఈ అవసరం అదే లెక్కన తగ్గిపోతుంది. మీటరు దూరం నుంచి చూస్తే అంగుళానికి 87 చాలు. మూడు మీటర్ల నుంచి 29. పది మీటర్ల నుంచి 9 చాలు.

ఇప్పుడు మన ఊళ్లో సంగతి చూద్దాం. నరసరావుపేటలో, చిలకలూరిపేటలో ఏ సెంటర్‌కి వెళ్లినా ఫ్లెక్సీలు కనపడతాయి. పుట్టినరోజు శుభాకాంక్షలు, ఓణీల ఫంక్షన్, నాయకుడికి స్వాగతం, ఎవరో పెద్దాయనకి శ్రద్ధాంజలి. "అంత పెద్ద ఫ్లెక్సీ వేయాలంటే పెద్ద కెమెరా ఉండాలి" అనుకుంటారు. లెక్క వేయండి. ఆరడుగులు × నాలుగడుగుల ఫ్లెక్సీ అంటే 72 × 48 అంగుళాలు. మూడు మీటర్ల నుంచి చూసేవాడికి అంగుళానికి 29 చొప్పున 2088 × 1392 పిక్సెళ్లు, అంటే మూడు మెగాపిక్సెళ్లలోపే. మీ పాత ఫోన్ కూడా సరిపోతుంది.

మరి ఎక్కువ పిక్సెళ్లు తినేది ఏది? ఒళ్లో పెట్టుకుని చూసే పెళ్లి ఆల్బమ్. మనవాళ్లు కరిజ్మా ఆల్బమ్ అంటారు కదా, తెరిస్తే 12×36 అంగుళాలు. అది అర మీటరు దూరంలో కూడా ఉండదు. వదిన చీర అంచు, పట్టు నేత, తలంబ్రాల్లో ముత్యాలు అన్నీ వేలు పెట్టి మరీ చూస్తారు. ఒకే ఫొటో షీటు నిండా పరవాలంటే అంగుళానికి 200 చొప్పున చూసినా 7200 × 2400, అంటే 17 మెగాపిక్సెళ్లు పైనే. రోడ్డు మీద నిలబెట్టే ఫ్లెక్సీకి మూడు, ఒళ్లో ఆల్బమ్‌కి పదిహేడు. ప్రింటు ఎంత పెద్దదన్నది సగం ప్రశ్న మాత్రమే. ఎంత దూరం నుంచి చూస్తారన్నది మిగతా సగం.

108లో తాలు ఎంత?

మిర్చి యార్డుకి వెళ్లినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. రెండు టిక్కీలు తూకంలో సమానంగా ఉండొచ్చు. ఒకదాంట్లో ఎర్రగా నిగనిగలాడే తేజ కాయ, ఇంకోదాంట్లో సగం తెల్లబడ్డ తాలు. తూకం ఒకటే, ధర ఒకటి కాదు. పిక్సెళ్లకీ ఇదే వర్తిస్తుంది. లెక్కకి 108 ఉంటాయి. అందులో కొత్త సమాచారం తెచ్చేవి ఎన్ని అన్నదే చూడాలి.

మన దగ్గర బాగా తిరిగిన ఫోన్‌నే ఉదాహరణగా తీసుకుందాం. 2019 ఫిబ్రవరిలో రెడ్‌మీ నోట్ 7 ప్రో 48 మెగాపిక్సెళ్లతో వచ్చింది. 2021 మార్చిలో రెడ్‌మీ నోట్ 10 ప్రో మ్యాక్స్ 108తో వచ్చింది. 2023 జనవరికి నోట్ 12 ప్రో ప్లస్ 200తో దిగింది. నాలుగేళ్లలో నంబరు నాలుగు రెట్లు. సెన్సార్ మాత్రం నాలుగు రెట్లు పెరగలేదు, ఫోన్ మందంలో అంత చోటు ఎక్కడుంది?

నోట్ 10 ప్రో మ్యాక్స్‌లో ఒక్కో పిక్సెల్ 0.7 మైక్రాన్లు. అలాంటివి 12,000 వరసగా పేర్చితే 8.4 మిల్లీమీటర్లు, నిలువుగా 9,000 పేర్చితే 6.3 మిల్లీమీటర్లు. పెళ్లికి వచ్చే ఫొటోగ్రాఫర్ దగ్గర ఉండే ఫుల్ ఫ్రేమ్ కెమెరా సెన్సార్ 36 × 24 మిల్లీమీటర్లు, వైశాల్యంలో దీనికి పదహారు రెట్లు. ఆయన కెమెరా మీద 24 మెగాపిక్సెళ్లే రాసి ఉండొచ్చు. కానీ వెలుతురు పట్టే పళ్లెం పదహారు రెట్లు పెద్దది.

ఇంకో చిక్కు లెన్సు దగ్గర ఉంది. ఎంత మంచి లెన్సయినా వెలుతురుని సూదిమొనంత చుక్కగా కూడదీయలేదు. వెలుతురు తరంగం కాబట్టి అది చిన్న మచ్చలా పరుచుకుంటుంది. ఆ ఫోన్ లెన్సు ఎఫ్ 1.9. దానికి ఆకుపచ్చ వెలుతురులో ఆ మచ్చ వ్యాసం లెక్క ప్రకారం సుమారు 2.5 మైక్రాన్లు. పిక్సెల్ 0.7. అంటే ఒక్క మచ్చ మూడు నాలుగు పిక్సెళ్ల వెడల్పున పడుతుంది. పక్కపక్కన ఉన్న పిక్సెళ్లు దాదాపు ఒకే సంగతి చెబుతున్నాయన్నమాట. ఇది కంపెనీ చేసిన మోసం కాదు, భౌతిక శాస్త్రం పెట్టిన హద్దు. ఆ హద్దు దాటేశామన్నట్టు బాక్సు మీద రాయడమే నాకు నచ్చదు.

కంపెనీల ఇంజనీర్లకి ఇదంతా తెలుసు. అందుకే ఆ ఫోన్లు మామూలుగా తీసేది 108 కాదు. తొమ్మిది పిక్సెళ్లని ఒకటిగా కలిపి 12 మెగాపిక్సెళ్ల ఫొటో ఇస్తాయి. 50 అయితే నాలుగింటిని కలిపి 12.5, 200 అయితే పదహారింటిని కలిపి మళ్లీ 12.5. దీన్నే పిక్సెల్ బిన్నింగ్ అంటారు. ఇది మంచి పనే. రాత్రిపూట, ఇంట్లో ట్యూబ్‌లైటు కింద ఫొటో శుభ్రంగా వస్తుంది. కానీ చూడండి, 50 కొన్నా, 108 కొన్నా, 200 కొన్నా మీ గ్యాలరీలో పడేది 12 దగ్గరే.

పూర్తి రిజల్యూషన్ మోడ్ పనికిమాలినదని అనను. మధ్యాహ్నం ఎండలో, చెయ్యి కదలకుండా, పొలం గట్టు మీద పాతికమంది గ్రూపు ఫొటో తీస్తే 50 మెగాపిక్సెల్ మోడ్‌లో ఖచ్చితంగా తేడా కనపడుతుంది. రాత్రి రిసెప్షన్‌లో అదే మోడ్ పెడితే మాత్రం ఫైలు బరువు పెరుగుతుంది, ఫొటో బాగుపడదు.

పిక్సెళ్లు పోయేది దారిలోనే

సరే, 12 మెగాపిక్సెళ్లే అనుకుందాం. అంగుళానికి 200 చొప్పున అది 20 × 15 అంగుళాల ప్రింటుకి సరిపోతుంది. మన ఇళ్లల్లో గోడకి తగిలించే ఏ ఫ్రేముకైనా చాలు. మరి స్టూడియోకి వెళ్తే "ఈ ఫొటో పెద్దది రాదు సార్, పగిలిపోద్ది" అని ఎందుకంటున్నారు?

వాళ్లకి చేరేది 12 కాదు కాబట్టి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో చాలాసార్లు పొడవు వైపు 1600 పిక్సెళ్ల దగ్గరికి కుదించుకుపోతుంది. 1600 × 1200 అంటే రెండు మెగాపిక్సెళ్లు కూడా లేదు. చేతిలో చూసే ప్రింటు అయితే ఐదంగుళాలు దాటితే కష్టం. పైగా జేపెగ్ కుదింపు వల్ల చీర అంచులు, జుట్టు, మీసం ముద్దగా అయిపోతాయి. ఎంత ఖరీదైన ఫోన్‌తో తీసినా ఆ ఒక్క ప్రయాణంతో అన్నీ సమానమే. 2023 ఆగస్టులో వాట్సాప్ హెచ్‌డీ అనే ఆప్షన్ ఇచ్చింది, అది కొంత నయం. డాక్యుమెంట్‌గా పంపితే అసలు ఫైలు ఉన్నదున్నట్టు వెళ్తుంది.

రెండోది జూమ్. విడిగా టెలిఫొటో లెన్సు లేని ఫోన్‌లో రెండింతలు జూమ్ చేస్తే 12లో మిగిలేది మూడు. నాలుగింతలు చేస్తే ముప్పావు. ఫోన్ దాన్ని మళ్లీ సాగదీసి 12 మెగాపిక్సెళ్ల ఫైలుగానే దాస్తుంది. ఫైలు వివరాల్లో 12 అని ఉంటుంది, ఫొటోలో ఉండదు. 50, 108 సెన్సార్లు కొంచెం ఆదుకునేది ఇక్కడే, అదీ పగటి వెలుతురులో.

మూడోది కొలతల తేడా. ఫోన్ ఫొటో 4:3, ఆల్బమ్ ఫొటో 6×4, అంటే 3:2. ఆ సైజులో నింపాలంటే పైనా కిందా కలిపి తొమ్మిదో వంతు కోసేయాలి. తల మీద పూలో, కింద పాదాలో పోతాయి. స్టూడియో వాళ్లని తిట్టుకోకుండా, తీసేటప్పుడే చుట్టూ కాస్త ఖాళీ వదలండి.

పచ్చబొట్టు లేని ముఖం

ఇదంతా నంబర్ల గొడవ అనిపించొచ్చు. అది కాదని పోయిన ఏడాది మా బంధువుల ఇంట్లో చూశాను. పర్చూరు పక్కన ఊరు. ఆ పెద్దావిడ జీవితమంతా పత్తి తీయడం, మిరపకాయలు కోయడం. ఆవిడ పోయాక పెద్దకర్మకి ఫొటో కావాల్సి వచ్చింది. ఇంట్లో నాలుగు ఫోన్లు, ఒక్కటీ 48కి తక్కువది కాదు. ఆవిడ ఒక్కరే ఉన్న ఫొటో మాత్రం లేదు. చివరికి మనవడి పెళ్లిలో పదకొండు మంది నిలబడ్డ గ్రూపు ఫొటో దొరికింది, అదీ వాట్సాప్‌లో. తీసిన ఫోన్ అప్పటికే ఎక్స్ఛేంజ్‌లో పోయింది.

నేను కొలిచాను. ఆవిడ ముఖం వెడల్పు 90 పిక్సెళ్లు. భుజాల దాకా కత్తిరిస్తే 270 × 360. అంగుళానికి 150 చొప్పున వేసినా పాస్‌పోర్టు ఫొటో కన్నా కాస్త పెద్దది, అంతే. అదే గ్రూపు ఫొటో అసలు 12 మెగాపిక్సెళ్ల ఫైలు ఉండుంటే, అదే నాణ్యతతో నాలుగున్నర × ఆరు అంగుళాల ఫొటో వచ్చేది. అక్కడ పోయింది కెమెరా శక్తి కాదు, ఒరిజినల్ ఫైలు.

స్టూడియో కుర్రాడు ఏఐ పెట్టి పెద్దది చేసిచ్చాడు. ఫొటో తళతళా వచ్చింది, కనురెప్పల వెంట్రుకలతో సహా. వాళ్ల అమ్మాయి చూసి కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇది మా అమ్మ కాదు" అంది. గడ్డం మీద పచ్చబొట్టు లేదు. ఎండకి పడ్డ ముడతలు లేవు. ముక్కుపుడక బదులు ఏదో మెరుపు. 90 పిక్సెళ్లలో లేని వివరాన్ని ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు. తాను చూసిన లక్షల ముఖాల్లోంచి ఊహించి నింపుతుంది. ఊహించి నింపితే వచ్చేది ఇంకెవరి ముఖమో. నేను సాఫ్ట్‌వేర్‌లోనే పనిచేస్తాను, ఏఐ మీద నాకు శత్రుత్వం లేదు. కానీ పోయినవాళ్ల ముఖం మీద దాన్ని వాడేముందు, వాళ్లని ఎరిగినవాళ్లకి చూపించి ఒప్పుకుంటేనే ప్రింటు వేయాలి.

చివరికి ఏఐ లేని ఫొటోనే రెండంగుళాల సైజులో వేయించి, చుట్టూ వెడల్పాటి మౌంటు బోర్డు పెట్టి పెద్ద ఫ్రేములో అమర్చాం. ఫ్రేము పెద్దదే, ఫొటో చిన్నది. పచ్చబొట్టు మసకగానైనా కనపడుతోంది. మీకూ ఇలాంటి అవసరం వస్తే ఈ దారి గుర్తుపెట్టుకోండి.

చేలోనూ ఇదే లెక్క

ప్రింటు లెక్క నేర్చుకుంటే ఇంకోచోట కూడా పనికొస్తుంది. 2021–22 సీజన్‌లో నల్ల తామర పురుగు వచ్చి మన మిరప తోటల్ని ఎలా ఊడ్చేసిందో ఈ ప్రాంతం వాళ్లు మర్చిపోరు. ఇప్పటికీ రైతులు పూత ఫొటో తీసి తెలిసినవాళ్లకో, పురుగుమందుల షాపుకో వాట్సాప్ చేసి "ఏం కొట్టమంటారు" అని అడుగుతుంటారు. తామర పురుగు పొడవు మిల్లీమీటరు దగ్గర. మొక్క మొత్తం, అంటే 60 సెంటీమీటర్లు, ఫ్రేములో పట్టి వాట్సాప్‌లో 1600 పిక్సెళ్లుగా పంపితే ఆ పురుగుకి దక్కేది మూడు పిక్సెళ్లలోపే. అవతలివాళ్లు దాన్ని చూసి ఏం చెప్పగలరు? అదే పది సెంటీమీటర్ల దూరం వెడల్పు మాత్రమే ఫ్రేములో ఉండేలా ఒక్క పువ్వు దగ్గరికి వెళ్లి తీసి, డాక్యుమెంట్‌గా పంపితే 40 పిక్సెళ్లు. ఫోన్ అదే, ఖర్చు సున్నా. తప్పు మందు కొట్టే ప్రమాదం మాత్రం తగ్గుతుంది.

ఎవరేం మారాలి?

కంపెనీలు బాక్సు మీద "108" బదులు "మామూలు మోడ్‌లో ఈ సైజు ప్రింటు, ఎండలో ఈ సైజు ప్రింటు" అని రాయొచ్చు. రాయవని తెలుసు. అందుకే ఆ పని రివ్యూలు రాసే మనలాంటివాళ్లం చేయాలి. మనం కెమెరా రివ్యూ అంటూ ఫొటోల్ని ఫోన్ స్క్రీన్ మీదే చూసి మార్కులేస్తాం. 1080 × 2400 స్క్రీన్ మొత్తం కలిపినా 2.6 మెగాపిక్సెళ్లు. ఆ కిటికీలోంచి 108ని, 12ని పోల్చి తీర్పు చెప్పడం ఏం న్యాయం? ప్రతి కెమెరా రివ్యూలో రెండు ప్రింట్లు, పగటిది ఒకటి, రాత్రిది ఒకటి, 12×18లో వేయించి చూడాలని నా సూచన. ఖర్చు పెద్దదేమీ కాదు.

స్టూడియోల వాళ్లతో కూడా ఒక మాట. పెళ్లికి అడ్వాన్స్ తీసుకునే రోజే ఒరిజినల్ ఫైళ్లు ఇస్తారా లేదా చెప్పండి. ఆల్బమ్ డిజైన్ షీట్లని పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చి "ఇవే ఫొటోలు" అంటే పదేళ్ల తర్వాత ఆ కుటుంబానికి అవసరమైన ఒక్క ముఖం అందులో దొరకదు. అడిగేవాళ్లు కూడా బేరం రేటు దగ్గరే ఆపకుండా, ఆ సంగతి బిల్లు మీద రాయించుకోండి.

ఇక ఫోన్ కొనేవాళ్లకి. 12 మెగాపిక్సెళ్ల ఫొటో శుభ్రంగా ఇచ్చే ఫోన్ చాలు. నంబరుకి పెట్టే అదనపు డబ్బు సెన్సార్ సైజు మీద, చెయ్యి వణుకుని సర్దే ఓఐఎస్ మీద పెట్టండి. ఫోన్ మార్చేముందు ఫొటోలన్నీ హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించండి. గూగుల్ ఫొటోస్‌లో స్టోరేజ్ సేవర్ పెట్టినా 16 మెగాపిక్సెళ్ల దాకా ఉంచుతుంది, అది 24 × 16 అంగుళాల ప్రింటుకి అంగుళానికి 200 చొప్పున సరిపోతుంది. వాట్సాప్ గ్రూపుని మాత్రం ఆల్బమ్ అనుకోకండి.

ఈసారి ఊరికి వెళ్లినప్పుడు అమ్మమ్మనో, తాతయ్యనో పగటిపూట వసారాలో కూర్చోబెట్టి, జూమ్ లేకుండా దగ్గరికి వెళ్లి ఒక్క ఫొటో తీయండి. ముఖం ఫ్రేములో మూడో వంతు ఉండాలి. ఫోన్ 12ది అయినా ఫర్వాలేదు, ఆ ముఖానికే వెయ్యి పిక్సెళ్లు దాటి వస్తాయి. ఆ వారంలోనే 8×12 ప్రింటు వేయించి వాళ్ల చేతికివ్వండి. వాళ్లు ఉండగా వాళ్లే చూసుకోవాలి కదా.